రన్నరప్ గంగులు

మా బావ గంగులు మంచివాడు కాదని చెప్పడానికి ఇన్నేళ్ళలో నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు. అదే నా ఒళ్ళుమంట. ఏదో ఒక లోపం కనిపించి ఉంటే దాన్ని పట్టుకుని హాయిగా బతికేవాణ్ణి.

నేను చెప్పేది అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి మాట. హిరమండలం పోస్టాఫీసు నుంచి కొండమీది మామిడివలస పోస్టాఫీసుకి పన్నెండు మైళ్ళు. ఆ దారిన బస్సు లేదు, జీపు ఎక్కదు. ఉత్తరాల సంచీ మనిషి భుజం మీద పరుగెత్తాల్సిందే. ఆ సంచీ మోసేవాణ్ణి రన్నరు అనేవారు. కింది ఆరు మైళ్ళకి మా బావ రన్నరు, పై ఆరు మైళ్ళకి నేను. మధ్యలో చింతగెడ్డ అని ఒక వాగు, దాని ఒడ్డున ఒక నల్లరాయి. రోజూ పొద్దున్న అతను హిరమండలం సంచీతో వస్తాడు, నేను మామిడివలస సంచీతో దిగుతాను. రాయి దగ్గర సంచీలు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళం వెనక్కి తిరుగుతాం.

మార్చుకోవడానికి మాకో పద్ధతి ఉండేది. బావ చేతికర్రకి గజ్జెలు కట్టి ఉండేవి. మలుపు అవతల ఆ చప్పుడు వినగానే నేను లేచి కుడిచెయ్యి చాపి నిలబడాలి. అతను మాట్లాడడు. భుజం మీది సంచీ తీసి నా చేతిలో పెడతాడు, నా సంచీ అందుకుని వచ్చిన దారినే పోతాడు. ఒకవేళ రెండోవాడు రాయి దగ్గర లేకపోతే? ఆగకూడదు. సంచీతో ఆ చివరిదాకా పోవాల్సిందే. టపా ఆగకూడదన్నది డిపార్టుమెంటు రూలు. పదకొండేళ్ళలో ఆ అవసరం మాకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. అతని ఆరు మైళ్ళూ చదును. ఇటు వరిచేలు, అటు చోడిచేలు, మెత్తటి బండిబాట. నా ఆరు మైళ్ళూ రాళ్ళ ఎక్కుడు, వానాకాలం పట్టు దొరకని జారుడు. ముందు చేరాడు గనక చదును అతనిదైంది. మా అక్క గున్నమ్మని కూడా అతనికే ఇచ్చారు, దాంతో అక్క చేతివంట నాకు పోయింది. మా అమ్మ దాలమ్మ ఉండేది మామిడివలసలో నా ఇంట్లోనే. కానీ ఆదివారం టపా ఉండదు, ఆ రోజు బావా అక్కా కొండెక్కి వచ్చేవారు, చేపల కూర వండితే తలకాయ అల్లుడి కంచంలో పడేది. "ఆడు పరిగెత్తేవోడు గదరా" అనేది అమ్మ. నేనేం పాకుతున్నానా?

బావకి తండ్రి లేడు. రన్నరు పని చేసే మేనమామ దగ్గర పెరిగాడు. ఆ మేనమామ అతన్ని నెలరోజులు ఉత్తచేతులతో దారి నడిపించి, ఆ తర్వాతే సంచీ ముట్టనిచ్చాడట. కాళ్ళకి దారి తెలియకుండా టపా మొయ్యకూడదని ఆయన మాట. అప్పటినుంచీ బావకి నెమ్మదిగా నడవడం రాదు. రథసప్తమికి మేమంతా బస్సెక్కి అరసవల్లి వెళ్తే అతను తెల్లవారకముందే బయల్దేరి కాలినడకన వచ్చేవాడు. పెళ్ళిలో ఏడడుగులూ గబగబా వేసేస్తే కొంగుముడి ఊడిపోయి, మా అక్క మూడో అడుగు దగ్గరే ఉండిపోయింది. జనం నవ్వుతుంటే అతనూ నవ్వాడు. ఎవరేమన్నా నవ్వుతాడు, అదొక జబ్బు.

అరవై ఏడు చివర్లో మా ఓవర్సీరు ఏసుదానంగారు సైకిలు మీద హిరమండలం వచ్చి, గెడ్డ దాకా నడిచి, రాయి దగ్గర మా ఇద్దరికీ ఓ కబురు చెప్పాడు. రన్నర్ల పనితనం ఎంచేది ఆయనే. హైదరాబాదులో డిపార్టుమెంటువాళ్ళకి పరుగుపందెం పెడుతున్నారు, పది మైళ్ళు. మా వైపు నుంచి ఒక్క మనిషిని పంపాలి. ఆయన జేబులోంచి మా టైము కాయితాలు తీశాడు. బావ ఆరు మైళ్ళూ గంటలోపు. నావి దిగేటప్పుడు గంట దాటి, ఎక్కేటప్పుడు గంటన్నర.

"ఒక్క వారం మా సగాలు మార్చి సూడండి బాబూ" అన్నాను.

"పందెం కొండమీద కాదురా జగన్నాధం, తారు రోడ్డు మీద. సదును మీద పరిగెత్తేవాడే గావాల" అన్నాడు ఏసుదానంగారు.

ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేని మాటకే కోపం ఎక్కువ వస్తుంది. హైదరాబాదు చూడాలని నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ ఊరి పేరున్న ఉత్తరాలు నా భుజం మీద పోతూనే ఉండేవి, నేను మాత్రం శ్రీకాకుళం దాటి ఎరగను. బావకి ఏ ఊరి మీదా ఆశ లేదు. ఆశలేనివాడికి అన్నీ వస్తాయని ఆవేళ నాకు గట్టిగా అనిపించింది.

అతను ఆమదాలవలసలో మెయిలెక్కి, బెజవాడలో బండి మారి వెళ్ళాడు. గజ్జెల కర్ర కూడా పట్టుకెళ్ళాడు. అతని బదులు చినబాబు అనే కుర్రరన్నరు కింది సగం చూశాడు. వారం తిరిగేసరికి చినబాబు దగ్గర నేను అందుకున్న సంచీ నా భుజం మీద మామూలుగానే కొండెక్కింది. మామిడివలస పోస్టుమాస్టరు గణపతిరావుగారు ఊళ్ళో కిరాణా కొట్టు కూడా నడిపేవాడు. కొట్టు ముందు అందరి ఎదుటా సంచీ విప్పి, ఒక కార్డు పైకి తీసి, "దాలమ్మకి, హైదరాబాదు నుండి" అన్నాడు. అందులో ఇలా ఉంది.

"అత్తకు గంగులు రాయించునది. ఇక్కడ క్షేమం. ఊరు చాలా పెద్దది. పోస్టుడబ్బాలు ఇప్పటికి నూటపన్నెండు లెక్కపెట్టినాను. చార్మినారు చూసినాను. అంతా కాళ్ళతోనే. ఇది జగన్నాధం చూడవలసిన ఊరు."

ఆ కార్డు నా భుజం మీదే వచ్చింది. నన్ను ఏడిపించే కబురుని నేనే చెమటోడ్చి కొండెక్కించాను. పైగా చివరి మాట చూడండి. నేను చూడవలసిన ఊరట. చూస్తున్నది తను. ఎత్తిపొడుపు కాకపోతే ఏమిటది? అమ్మ ఆ కార్డుని దేవుడి పటం వెనక దోపింది.

బావ తిరిగొచ్చిన ఆదివారం మా అరుగు నిండా జనం. అక్క పక్కన కూర్చుంది. నా పెళ్ళాం చిన్నతల్లి పొయ్యి మీద పులుసు వదిలేసి గుమ్మంలో నిలబడింది. నేను వినకూడదనుకుని తాడు పేనుతూ దూరంగా కూర్చున్నాను. అయినా మాటలన్నీ వినిపించాయి.

పందానికి నాలుగు రోజుల ముందే పిలిపించారట. మిగతావాళ్ళు బస్సులెక్కి ఊరు చూశారు. రెండంతస్తుల బస్సులు కూడా ఉన్నాయట. బావ ఎక్కలేదు. మేనమామ మాట పట్టుకున్నాడు, ముందు కాళ్ళకి దారి తెలియాలి. సికింద్రాబాదులో బస. తెల్లవారుతుంటే కర్ర పట్టుకుని ఘల్లుఘల్లుమంటూ రోడ్డు మీద పడ్డాడు.

"భాష రాదు గదా, దారి ఎలగడిగినావు?" అంది మా అమ్మ.

"అడగడమెందుకు అత్తా? ఎర్రడబ్బా ఉన్నాది గదా. ఒక డబ్బా కాడ నిలబడి సూస్తే ఇంకో డబ్బా ఎక్కడో కనపడతాది. కనపడకపోతే ఎవుల్నో ఆపి 'డాక్, డాక్' అన్నాను, టపాకి ఆళ్ళ మాట అదే. సెయ్యి సూపించినారు. డబ్బా పట్టుకుని ఎల్తే ఏ ఊరైనా కాళ్ళకి లొంగుతాది."

అలా డబ్బా నుంచి డబ్బాకి పట్నమంతా తిరిగాడు. మొదటిరోజు పెద్ద చెరువు కట్ట మీద రోడ్డు పట్టుకున్నాడు. ఒక పక్కంతా నీళ్ళు, నీళ్ళ మీద అప్పుడే పొద్దు పొడుస్తోంది. కట్ట మొదట్లో పోలీసు ఆపి గజ్జెలేమిటన్నాడు. బావ "డాక్" అన్నాడు. సంచీ ఏదన్నాడు పోలీసు. సంచీ లేదని గుర్తొచ్చి బావ సిగ్గుపడ్డాడు. పోలీసు నవ్వి పొమ్మన్నాడు. రెండోరోజు ఆబిడ్సు పెద్ద పోస్టాఫీసు. అంత పోస్టాఫీసుంటుందని అతను అనుకోలేదు. మెట్లకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళి శ్రీకాకుళం గూడు ఏదని అడిగాడట. చెక్క అరల్లో ఒక అర చూపించారు. అందులో నాలుగు ఉత్తరాలున్నాయి. "మన సంచీలోకొచ్చే ఉత్తరాలు అక్కడ పడుకున్నాయిరా జగ్గా" అని నావైపు తిరిగి అన్నాడు. నేను తాడు మీంచి తల ఎత్తలేదు.

మూడోరోజు వంతెన దాటి పాతబస్తీలోకి వెళ్ళాడు. ఇరానీ హోటల్లో సాసర్లో టీ పోసుకు తాగాడు. చార్మినారు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు, ఎందుకో అతనికీ తెలియదు. గాజులమ్మే వీధిలో మా అక్కకి ఒక జత, నా పెళ్ళానికి ఒక జత గాజులు కొన్నాడు. అద్దం తునకలు పొదిగిన గాజులు.

"మరి ఆడికి?" అంది అక్క, నన్ను చూపించి.

"ఆడికేదీ నచ్చదు గదా. ఏటి తేవాలో తెలీక తేలేదు" అన్నాడు బావ.

చిన్నతల్లి ఆ గాజులు ఆవేళే తొడుక్కుంది. వంట చేస్తుంటే గలగల, నీళ్ళు తోడుతుంటే గలగల. దారిలో అతని గజ్జెలు చాలక ఇంట్లో కూడా నాకు అతని చప్పుడే మిగిలింది. "ఒకపాలి నువ్వూ సూసి రావాల ఆ ఊరు" అందది ఓ సాయంత్రం, పాపం మంచిగానే. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఊరి కబుర్లు ఇంత చెప్పినవాడు పందెం గురించి మాత్రం నోరు విప్పలేదు. ఒక కాయితం తెచ్చాడు, ఇంగ్లీషులో అచ్చు వేసి, ముద్ర కొట్టి. గణపతిరావుగారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "రన్నర్... అప్. రన్నరప్" అన్నాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు రైలు స్టేషన్లో నేర్చినది. "బండి పైకెళ్తే అప్పు, కిందికొస్తే డౌను. అంటే మన గంగులు ఉత్త రన్నరు కాదు, రన్నర్ల మీద రన్నరు. పెద్ద ఉద్యోగం వేసినట్టున్నారు" అని తేల్చేశాడు.

ఊరు ఊరంతా నమ్మింది. సైకిలిస్తారన్నారు, ఏసుదానంగారి తర్వాత అతనే ఓవర్సీరన్నారు. నా టైము కాయితాలు మా బావ చూస్తాడా? నేను అతనికి లేచి నిలబడాలా? వారం రోజులు నాకు నిద్ర లేదు. బావని అడిగితే "నాకేటి తెలుసురా" అని నవ్వాడు.

ఎనిమిదో రోజున ఏసుదానంగారు వచ్చి కాయితం చూసి, "ఉద్యోగమూ లేదు, గిద్యోగమూ లేదు. రెండోవాడిగా వచ్చినాడని అర్థం. మొదటివాడికీ ఇతనికీ తేడా నిమిషం కూడా లేదంట" అన్నాడు.

ఓడిపోయాడన్నమాట. అబద్ధమెందుకు, కడుపు నిండినట్టయింది. ఆవేళ కొండ ఎక్కినట్టే తెలియలేదు. కానీ ఆ సంతోషం కూడా ఎంతోకాలం ఉండనివ్వలేదు ఊరు. అర్థం తెలిశాక కూడా రన్నరప్ గంగులు అనే పిలుపు అలాగే ఉండిపోయింది. ఓడినందుకు కూడా బిరుదిచ్చారు. నేను ఉత్త రన్నరు జగ్గణ్ణే.

ఆ పై ఆదివారం మళ్ళీ చేపల కూర, మళ్ళీ తలకాయ. పక్క ఊరి చుట్టాలొచ్చి చార్మినారు కథ మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాడు. చిన్నతల్లి గాజుల చెయ్యి గడ్డం కింద పెట్టుకుని మళ్ళీ విన్నది. నాలో ఏదో తెగింది. చదును మీద పరిగెత్తి బిరుదులు తెచ్చుకున్నావు గదా, భుజం మీద సంచీతో కొండెక్కు, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే గెడ్డకి దిగి, రాయి దగ్గర నిలబడకుండా, పైన ఈతపొదల వెనక కూర్చున్నాను. నేను లేకపోతే రూలు ప్రకారం అతను ఆగడు. ఎక్కుతాడు. అరమైలు ఎక్కనిచ్చి, రొప్పుతుంటే వెనకనుంచి వెళ్ళి ఏమిటి బావా అలిసిపోయావా అని అడుగుదామనుకున్నాను. ఆ మాట ఎలా అనాలో కూడా రెండుసార్లు అనుకుని చూసుకున్నాను.

గజ్జెలు వినిపించాయి. మలుపు తిరిగాడు. రాయి దగ్గరికి వచ్చి సంచీ భుజం మీంచి తీసి ముందుకి చాపాడు. అక్కడ చెయ్యి లేదు. చాపిన సంచీ చాపినట్టే ఉంది. గజ్జెలు ఆగిపోయాయి. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇప్పుడు కదులుతాడు, ఇప్పుడు కదులుతాడు అని నేను చూస్తున్నాను. కదలలేదు.

ఇంతలో కట్టెలమోపుతో తాతమ్మ వచ్చింది. మా ఊరి ముసలమ్మే.

"ఏటి గంగులూ, కొయ్యలాగ నిలబడిపోనావు?"

"మా జగ్గడు రావాల."

"రాకపోతే నువ్వే ఎల్లాల గదా. రన్నరప్‌వి, ఈ కొండెక్కలేవేటి?"

బావ నవ్వాడు. సంచీ అప్పుడు దించుకుని రాయి మీద పెట్టాడు. "ఎక్కలేక కాదు తాతమ్మా. ఈ రాయి కాడికొస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. అయిదరాబాద్లో కూడా ఇలగే సేసినాయి ముండకాళ్ళు."

"అక్కడేటి సేసినాయి?"

"అందరికన్నా ముందు నానే ఉన్నాను. ఎనక సూస్తే ఎవుడూ లేడు. సెరువు కట్ట దాటినాను, పెద్ద పోస్టాఫీసు దాటినాను. నయాపూలని వంతెనొకటుంది, కింద మన గెడ్డలో ఉన్నపాటి నీళ్ళే. అక్కడికొచ్చీసరికి ఆరు మైళ్ళు అయిపోనాయి. మైలురాయి లేదు, కాళ్ళే సెప్పినాయి. ఆగిపోనాను. భుజం మీద సంచీ లేదు, అయినా ఇలగ తీసి ఇలగ సెయ్యి సాపినాను. జగ్గడేడీ అని సూసినాను."

తాతమ్మ మోపు కింద పెట్టింది.

"నానక్కడ ఆడి కోసం సూస్తంటే ఇద్దరు నన్ను దాటిపోనారు. రోడ్డు పక్కనున్నోళ్ళు కేకలేస్తే అప్పుడు తెలివొచ్చింది. ఒకణ్ణి పట్టుకున్నాను. రెండోవోడు దొరకలేదు."

"ఆడికి సెప్పినావా ఈ సంగతి?"

"సెప్పలేదు. నువ్వూ సెప్పకు. తన మూలాన ఓడిపోనానని బాధపడతాడు. ఆడిది సిన్న పేణం."

నేను ఈతపొదల వెనక ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నిమిషం కూడా తేడా లేదన్న ఏసుదానంగారి మాట గుర్తొచ్చింది. కడుపు నిండిందని సంబరపడ్డానే, అది నా కోసం వెతికిన నిమిషం. నేను చూడని ఆ ఊళ్ళో, నేనెరగని వంతెన మీద నిలబడి, గెలవబోతున్నవాడు జగ్గడేడీ అనుకున్నాడు. తాతమ్మ మోపెత్తుకుని వెళ్ళాక లేచి కుంటుతూ దిగాను. ముల్లు గుచ్చుకుందన్నాను. బావ నా కాలు చూస్తానని వంగితే చూడనివ్వలేదు. సంచీలు మార్చుకున్నాం.

ఆ రోజు టపా ముప్పావుగంట ఆలస్యమైంది. వారం తిరక్కుండా ఏసుదానంగారు రాయి దగ్గరికి వచ్చి ఇద్దర్నీ నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే బావ, "నా వంతులోనే బాబూ. కాలు బెణికింది" అన్నాడు. చూశారా? తప్పు నేను చేస్తే దాన్ని మోసే మంచితనం కూడా అతనే కొట్టేస్తున్నాడు. అది మాత్రం ఇవ్వదలుచుకోలేదు.

"ఆడు అబద్ధం ఆడతన్నాడు బాబూ. నానే కావాలని పొదల ఎనక దాక్కున్నాను" అన్నాను.

ఏసుదానంగారు మా ఇద్దరి మొహాలూ చూసి, కాయితం మీద ఏదో రాసుకుని, ఇకమీద ఎవరు ఎక్కడ దాక్కున్నా టపా ఆగకూడదని చెప్పి, గెడ్డ దాటి వెళ్ళిపోయాడు. బావ నావైపు చూశాడు. నేను ఏం విన్నానో అతనికి అర్థమైందని నాకు తెలిసింది. ఆ ఒక్కసారి అతను నవ్వలేదు.

"ఆ వంతెన మీద ఎంతసేపు సూసినావు బావా?" అన్నాను.

"నువ్వు రావని తెలిసేదాకా" అన్నాడు.

ఆ తర్వాత ఆదివారం కూడా చేప తలకాయ అతనికే పడింది. నాకు మండింది. మండకపోతే నేను జగన్నాధాన్ని కాను. కానీ సోమవారం పొద్దున్న తొందరగా కొండ దిగాను. గెడ్డ దగ్గర మంచు ఇంకా విడలేదు, దారి కనపడడం లేదు, గజ్జెలు ఇంకా వినపడలేదు. రాయి పక్కన కుడిచెయ్యి చాపి నిలబడ్డాను.